పాత బండికి అదనపు ఫ్యూజు బాక్సు: విజయనగరంలో బిగింపు, కళింగపట్నంలో పరీక్ష

పాత బొలెరో, సుమో, ఓమ్నీ లాంటి బండ్లలో కంపెనీ ఫ్యూజు బాక్సులో ఖాళీ గడి ఉండటం అరుదు. అందుకే ఫాగ్ లైట్లు, ఫోను చార్జర్లు, డాష్ కెమెరా అన్నీ బ్యాటరీ బోల్టుకే వేలాడుతుంటాయి. వాటికి విడిగా ఒక ఫ్యూజు బాక్సు పెట్టించి, విజయనగరం నుంచి శ్రీకాకుళం, అరసవల్లి మీదుగా కళింగపట్నం వెళ్లి రావడం రెండు రోజుల పని. గతుకులు, ఉప్పు గాలి, రాత్రి ప్రయాణం మూడూ తగిలే దారి కాబట్టి వైరింగు బాగుందో లేదో ఈ తిరుగుడులోనే తేలిపోతుంది.

పని ఎక్కడ చేయించాలన్నది మొదటి ప్రశ్న. సాలూరు పేరు చాలామంది చెబుతారు. 2022లో అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, లారీల ఊరుగా దాని పేరు తగ్గలేదు. అక్కడి వైరింగు మేస్త్రీల చేతిపని గట్టిది, వైరు చివర లగ్గు (బోల్టుకు బిగించే రాగి కొన) నొక్కితే ఊడదు. చిక్కల్లా ఒకటే: లారీలవి 24 వోల్టులు, మన బండిది 12. చేతికందిన 24 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) బిగిస్తే దాని లోపలి స్విచ్చును సరిగా లాగదు, లాగినా గతుకుల్లో వదిలేస్తుంది. రిలే మీద 12V అని చదివాకే బిగించనివ్వాలి. ఈ ఒక్క పని కోసం సాలూరు దాకా వెళ్లనక్కర్లేదు, విజయనగరంలోనే ఉదయం బండి అప్పగిస్తే సాయంత్రానికి అవుతుంది. హైవే పక్కన టీ తాగే వ్యవధిలో చేసిస్తామనేవాళ్లకు మాత్రం ఈ పని ఇవ్వకూడదు. వాళ్ల దగ్గర మెలితిప్పుడు, నల్ల టేపు తప్ప ఇంకేమీ ఉండవు.

సామాను మనమే తీసుకెళ్లడం మేలు. మూతా, నెగటివ్ బస్‌బారూ (మైనస్ వైర్లన్నీ కలిపే లోహపు పట్టీ) ఉన్న ఆరు గడుల బ్లేడు ఫ్యూజు బాక్సు, 40 ఆంపియర్ల రిలే సాకెట్‌తో సహా, 30 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు దాని హోల్డరుతో, 6 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు ఎరుపు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు, ఒక్కో సామానుకు వెళ్లే శాఖలకు 1.5, 2.5 చదరపు మి.మీ. వైర్లు, రాగి లగ్గులు, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవులు, వైర్లు దూర్చే ముడతల పైపు, రేకు రంధ్రాల్లో పెట్టే రబ్బరు గ్రోమెట్లు. 10 చదరపు మి.మీ. వైరు ఇంకా గట్టిది కదా అని కొనకండి, అది మామూలు రిలే సాకెట్ క్లిప్పులో పట్టదు.

ముందు లెక్క చూసుకోవాలి. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు వేస్తే తొమ్మిది ఆంపియర్లకు పైనే. చార్జర్లకు నాలుగు, కెమెరాకు ఒకటి లోపు. మొత్తం 14 దాకా వస్తుంది, 30 ఫ్యూజు కింద హాయిగా నడుస్తుంది. టైరుకు గాలి కొట్టే మోటారు ఒక్కటే 10 నుంచి 15 లాగుతుంది. దాన్ని ఈ బాక్సులోకి తేకుండా, ఫ్యూజున్న మొసలి క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి పెట్టుకోవడమే మంచిది.

కనెక్షన్లు ఇలా. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం దాటకుండా మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలుకు (కాళ్ల నంబర్లు రిలే మీదే ఉంటాయి). 87 నుంచి ఫ్యూజు బాక్సు బోల్టుకు. 85 బాడీ ఎర్త్‌కు. 86కు తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు, వైపరుదో ఫ్యానుదో, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజుతో. రిలే లోపలి తీగచుట్ట లాగేది 0.2 ఆంపియర్ల లోపే కాబట్టి పాత వైరు మీద బరువు పడదు. బాక్సు నెగటివ్ బస్‌బారు నుంచి 6 చదరపు మి.మీ. నల్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కు. బండి ఆపినా కెమెరా నడవాలంటే దాని వైరు రిలే ముందునుంచే, విడి ఫ్యూజుతో తీయాలి.

మేస్త్రీలు ఎక్కువగా తప్పుచేసేది మెయిన్ ఫ్యూజు దగ్గరే. చూడటానికి బాగుంటుందని దాన్ని డాష్‌బోర్డు కిందికి తెస్తారు. అప్పుడు బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న మీటరున్నర వైరుకు ఏ కాపలా ఉండదు. అది ఎగ్జాస్టుకు తగిలి తొడుగు కరిగితే ఫ్యూజు పోదు, వైరే ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు కాపాడేది వైరును, సామానును కాదు. అందుకే 1.5 వైరుకు ఎర్ర 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 వైరుకు నీలం 15 ఆంపియర్లది దాటనివ్వకూడదు. ఫ్యూజు పోయిందని సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు!

రెండో తప్పు నీలం ప్లాస్టిక్ క్లిప్పులు. వైరు కోయకుండానే కలుపుతాయని వాడతారు గానీ, లోపలి పళ్లు రాగి పోగుల్ని తెంపుతాయి, ఆ గాటులోకి తేమ దూరి ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఒక సాయంత్రం నిలబెడితే బండి నిండా ఉప్పు జిగట. అలాంటి చోట ఈ క్లిప్పు నాలుగు నెలలు ఆగినా గొప్పే. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, పళ్ల వాషరు వేసి, పైన వాసెలిన్ రాయించాలి.

బసకు సముద్రం ఒడ్డు కన్నా శ్రీకాకుళం పట్టణమే నయం. కళింగపట్నం సుమారు 30 కిలోమీటర్లే, తెల్లవారి వెళ్లి మధ్యాహ్నానికి రావచ్చు, బండి రాత్రంతా ఉప్పు మంచులో తడవదు. బస్టాండు వైపు లాడ్జీలు తిండికి దగ్గర, కానీ చాలాచోట్ల బండి రోడ్డు మీదే పెట్టాలి. గది అద్దె కన్నా ముందు లోపల పార్కింగు ఉందా అని అడగండి. అరసవల్లి పట్టణాన్ని ఆనుకునే ఉంది. రథసప్తమి రోజుల్లో మాత్రం గదీ దొరకదు, పార్కింగూ దొరకదు.

ఆ పార్కింగులోనే పరీక్ష. బండి ఆపిన గంటకు మల్టీమీటరుతో బ్యాటరీ చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఉదయానికి 12.4కు దిగితే ఏదో దొంగచాటుగా తాగుతున్నట్టే. కెమెరా ఫ్యూజు పీకి మరో రాత్రి చూడాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4. లైట్లన్నీ వేసి, మల్టీమీటరు కడ్డీ ఒకటి బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి ఫ్యూజు బాక్సు బోల్టు మీద పెడితే తేడా 0.3 వోల్టులు దాటకూడదు. దాటితే లగ్గులు చేత్తో తాకి చూడండి, వేడిగా ఉన్నదే సరిగా నొక్కనిది. సెల్ఫ్ కొట్టినప్పుడు రిలే టకటకలాడితే తిట్టాల్సింది రిలేను కాదు, నీరసించిన బ్యాటరీని.

డాష్‌బోర్డు అరలో 5, 10, 15 ఫ్యూజులు రెండేసి, 30ది ఒకటి, 12 వోల్టుల రిలే ఒకటి పడేసుకోండి. బాక్సు మూత లోపల ఏ గడి దేనిదో చెరగని పెన్నుతో రాయించండి. మేస్త్రీకి అది గుర్తుంటుంది గానీ, పలాస దగ్గర చీకట్లో ఆగిన మనకు గుర్తుండదు.