తుంటి కీలు మార్పిడి: కొన్నేళ్లు వాడాక చెబుతున్నా

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఎడమ తుంటి మార్పించుకుని కొన్నేళ్లయింది. చుట్టుపక్కల ఎవరికి ఆపరేషన్ అన్నా నన్నే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

తుంటి అరిగితే నొప్పి తుంటిలోనే ఉండాలని లేదు. గజ్జల్లో వస్తుంది, తొడ మీదుగా మోకాలి దాకా లాగుతుంది. నాకు మోకాలి నొప్పి అనే చాలాకాలం మందులిచ్చారు. మా నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయినోళ్లు ఎందరో, దాంతో ఏ నొప్పొచ్చినా నీళ్ల వల్లే అనుకుని ఊరుకుంటారు. ఊరుకోకండి, తుంటికి ఎక్స్‌రే తీయించండి.

నొప్పి ఎట్లుంటది అంటారా? రాత్రి పక్కకు తిరగనివ్వని పాత నొప్పి ఆపరేషన్‌తోనే పోయింది. కోత నొప్పి వేరు, అది మెల్లగా తగ్గింది. మరుసటి రోజే వాకర్ పట్టించి నడిపించారు.

అసలు టెన్షన్ ఇంటికొచ్చాకే. నాకు వెనక వైపు నుంచి కోశారు. అట్లా చేసినప్పుడు మొదటి రెండు మూడు నెలలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దు, కాలు మీద కాలు వేయొద్దు, పాదం లోపలికి తిప్పొద్దు, లేదంటే కొత్త కీలు జారిపోవచ్చు. అంటే పీట, సక్లముక్లం (కాళ్లు మడిచి నేల మీద కూర్చోవడం), కింద కూర్చునే లెట్రిన్ అన్నీ బంద్, మన ఇళ్లలో ఇవి లేకుండా పూట గడవదు కదా. కమోడ్ కుర్చీ, ఎత్తు మంచం, చేతులున్న గట్టి కుర్చీ ఆపరేషన్‌కు పోకముందే తెచ్చి పెట్టుకోండి, అవి లేకుంటే తేదీ వాయిదా వేసుకున్నా తప్పులేదు. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు ఉండాలి.

బస్సు మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పొండి.

ఎన్నేళ్లొస్తుందని అందరూ అడుగుతారు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మార్చిన తుంటి కీళ్లు పదింటిలో దాదాపు తొమ్మిది 15 ఏళ్లు దాటుతున్నాయి, సగానికి పైగా 25 ఏళ్లు.

బతుకమ్మ ఆడుతున్నా, చప్పట్లు కొట్టేటప్పుడు కొంచెమే వంగుతా. నేల మీద కూర్చోవద్దని మా డాక్టర్ ఇప్పటికీ అంటారు, పెళ్లి భోజనాల్లో కుర్చీ అడిగి తీసుకుంటా. మీ డాక్టర్ వేరేగా చెప్పొచ్చు, ఎటు నుంచి కోశారన్నదాన్ని బట్టి కూడా జాగ్రత్తలు మారతాయి, డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోండి.