పావు అష్రఫీ పేరుతో ఇత్తడి బిళ్ల: ఒక ఆన్‌లైన్ వేలం సైటుపై సమీక్ష

పాత నాణేలు, తపాలా బిళ్లలు వేలం వేసే ఒక ఆన్‌లైన్ సైటులో రెండేళ్లకు పైగా కొనుగోళ్లు చేసిన తరువాత, అందులోనే ఒక అమ్మకందారు చేతిలో 21,500 రూపాయలకు మోసపోయి రాస్తున్న సమీక్ష ఇది. వ్యవహారం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల సైటు పేరును, అమ్మినవారి పేరును ఇక్కడ రాయడం లేదు. నాణేలు సేకరించేవారు వర్ణనను బట్టి పోల్చుకున్నా పోల్చుకోకపోయినా, ఇందులో చెప్పిన లోపాలు ఏ వేలం సైటులోనైనా వెతికి చూసుకోదగ్గవే. సైటుకు నేను ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. అమ్మకందారుకు సున్నా ఇచ్చే వీలు అక్కడ లేదు కనుక ఒకటి ఇచ్చాను. ఆ ఒకటి కూడా తరువాత కనిపించకుండా పోయింది, ఆ సంగతి ముందుముందు చెబుతాను.

నేను కొనదలచినది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు పావు అష్రఫీ, అంటే అష్రఫీ అనే బంగారు నాణెంలో నాలుగో వంతు. హైదరాబాద్ సంస్థానపు నాణేలను ‘పై’ అనే చిల్లర నాణెం నుంచి రూపాయి దాకా వరుసగా పేర్చుకున్న నాకు బంగారు వరుసలో ఎనిమిదో వంతు అష్రఫీ ఒక్కటే ఉంది. పూర్తి అష్రఫీ తూకం 11.178 గ్రాములు, అందులో బంగారం వెయ్యికి 910 పాళ్లు. పావు అష్రఫీ 2.79 గ్రాములు తూగాలి. ఈ బంగారు నాణేలకు ఒకవైపు చార్మినార్, దాని చుట్టూ ఆసఫ్ జా బిరుదులు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. రెండోవైపు నాణెం విలువ, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అన్న టంకశాల పేరు, పాలనా సంవత్సరం ఉంటాయి. చార్మినార్ వాకిలిలో ఒక చిన్న ఫారసీ అక్షరం కనిపిస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అది మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై అది ఐన్. భూతద్దం లేకుండా కనిపించని ఆ అక్షరమే చివరకు ఈ కథలో సాక్షిగా నిలిచింది.

సైటు గురించి మంచి మాట ముందుగా చెప్పడం న్యాయం. హిజ్రీ సంవత్సరాన్ని బట్టి, టంకశాలను బట్టి వెతుక్కునే సదుపాయం అక్కడ ఉన్నంత బాగా మరోచోట నేను చూడలేదు. ఫోటోలను నాణెం అంచు గరుకు కనిపించేంతగా పెద్దవి చేసుకోవచ్చు. నేను అంతకుముందు కొన్న పద్నాలుగు వస్తువులలో పదమూడు చెప్పినట్టే వచ్చాయి, ఒక్క అణా నాణెం మాత్రం వర్ణించినదానికన్నా ఎక్కువగా అరిగిపోయి ఉంటే అడగ్గానే డబ్బు తిరిగి ఇచ్చారు. అప్పుడు డబ్బు సైటు ద్వారా చెల్లించాను కనుక, అది వారి చేతిలోనే ఉంది కనుక, తిరిగి వచ్చింది. ఈ సంగతిని నేను ఆనాడే గమనించి ఉండవలసింది.

అమ్మకందారు ఖాతా పక్కన 312 మంది ఇచ్చిన మదింపులు, వాటిలో దాదాపు అన్నీ ఐదు నక్షత్రాలు కనిపించాయి. అమ్మినవాణ్ణి కొన్నవాడు, కొన్నవాణ్ణి అమ్మినవాడు మదింపు చేసే ఈ పద్ధతి కొత్తది కాదు. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం సైటే తరువాత ఈబే అయింది; ఒకరినొకరు చూడని మనుషుల మధ్య నమ్మకం కుదరడానికి 1996లో అక్కడ ఈ మదింపుల వ్యవస్థను ప్రవేశపెట్టారు. మన దేశంలో ఆ సంస్థ నడిపిన సైటు 2018లో మూతపడింది కానీ, పద్ధతి మాత్రం అన్ని వేలం సైట్లకూ అబ్బింది. దీనిలోని లొసుగు ఏమిటంటే, ఎన్ని అమ్మకాలు జరిగాయో లెక్కిస్తారు తప్ప ఎంతెంత విలువైనవి జరిగాయో లెక్కించరు. మోసపోయాక ఆ ఖాతా పాత అమ్మకాలను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. అవన్నీ పది రూపాయల తపాలా బిళ్లలు, పాతిక రూపాయల అగ్గిపెట్టె లేబుళ్లు, తపాలా బిళ్ల విడుదలైన రోజు ముద్రతో వచ్చే నలభై రూపాయల మొదటిరోజు కవర్లు. చాలా భాగం మూడు నెలల లోపు జరిగినవే. పది రూపాయల బిళ్ల సరిగ్గా అందిందని సంతోషించి ఎవరో ఇచ్చిన నక్షత్రాలను చూసి, నేను ఇరవై వేలకు పైబడిన బంగారు నాణేనికి పాట పాడాను.

నాణెం 9,000 రూపాయలతో మొదలైంది. ఈ సైటులో మనం పాడగల గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తే, ఇతరులు పాడినప్పుడల్లా యంత్రమే మన తరఫున 500 చొప్పున పెంచుకుంటూ పోతుంది. పాట ముగియడానికి మూడు రోజుల ముందు, ధర 12,500 దగ్గర ఉన్నప్పుడు, నేను 22,000 నమోదు చేసి ఊరుకున్నాను. అది 2024 నవంబరు. 22 క్యారెట్ల బంగారం గ్రాము సుమారు 7,100 రూపాయలు ఉన్న రోజులు. ఆ లెక్కన పావు అష్రఫీలో ఉండే లోహానికే 19,800 దాకా విలువ కట్టవచ్చు కనుక, నా ధర అత్యాశ అనిపించుకునేంత చవక కాదు, అనుమానం రావలసినంత తక్కువా కాదు. చివరి రాత్రి గంటన్నర వ్యవధిలో ఒక్క మదింపు కూడా లేని కొత్త ఖాతా ఒకటి 13,500, 15,000, 17,000, 19,000, 21,000, ఆపైన 22,500 అని ఆరుసార్లు పాడి నన్ను దాటేసింది.

గుడి కొబ్బరిచిప్పల వేలంలోనో, ఊరి చెరువు చేపల వేలంలోనో కాంట్రాక్టరు మనిషి ఒకడు జనంలో నిలబడి ఉత్తుత్తి పాట పాడి ధర పెంచడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన విద్యే. అక్కడ వాడి ముఖం కనిపిస్తుంది, వాడు ఎవరి తాలూకో పక్కవాడు చెవిలో చెబుతాడు. ఇక్కడ పాడినవాడి ఖాతా పేరులో కనిపించినది మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో నాలుగు చుక్కలు. కొనే ఉద్దేశం ఉన్నవాడు తన గరిష్ఠ ధరను ఒకేసారి నమోదు చేసి ఊరుకోవచ్చు. మెట్టుమెట్టుగా ఎక్కుతూ వచ్చేవాడు ఎదుటివాడి గరిష్ఠం ఎక్కడుందో తడుముతున్నాడన్నమాట. ఆ తడుములాటలో అతను ఒక మెట్టు ఎక్కువ ఎక్కి తానే గెలిచాడు. అమ్మకందారుకు మాత్రం నేను 22,000 దాకా ఇస్తానని తెలిసిపోయింది.

మరునాడు ఉదయం సైటులోని సందేశాల పెట్టెలోకి అమ్మకందారు కబురు వచ్చింది: గెలిచినవారు డబ్బు కట్టలేనన్నారు, రెండో స్థానంలో ఉన్న మీకే ఇస్తాను, సైటుకు కట్టవలసిన కమిషన్ మిగులుతుంది కనుక నేరుగా చెల్లిస్తే 21,500కే ఇస్తాను. ఓడినవారికి రెండో అవకాశం ఇవ్వడం ఈ సైటులో చట్టబద్ధమైన ఏర్పాటే, అయితే దానికి విడిగా ఒక మీట ఉంది. అతను ఆ మీట వాడలేదు. సందేశాల పెట్టెలో ఎవరైనా ఫోను నంబరు టైపు చేస్తే సైటు దానిని చుక్కలుగా మార్చేస్తుంది. అతను నంబరు టైపు చేయలేదు, క్యూఆర్ కోడ్ బొమ్మను పంపాడు, ఆ బొమ్మను సైటు అడ్డుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించిన వాణ్ణి, 500 రూపాయల తగ్గింపుకు 21,500 రూపాయల భద్రతను వదులుకున్నాను. ఈ తప్పు పూర్తిగా నాదే. దానిని సైటు మీద నెట్టే ఉద్దేశం నాకు లేదు.

ఆరు రోజుల తరువాత స్పీడ్ పోస్టులో కవరు వచ్చింది. చేతిలోకి తీసుకోగానే బరువు సరిపోలేదనిపించింది. ఇంట్లో ఉన్న చిన్న తూకం మీద 2.05 గ్రాములు చూపింది. పావు గ్రాము తేడా అయితే అరుగుదల అనుకోవచ్చు, ముప్పావు గ్రాము తేడాకు అరుగుదల సాకు చాలదు. నాణేన్ని సన్నని దారానికి కట్టి, తూకం మీద ఉంచిన నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీస్తే, అది ఎంత నీటిని పక్కకు నెట్టిందో ఆ మేరకు తూకం పెరుగుతుంది. పెరిగినది 0.24 గ్రాములు. 2.05ను 0.24తో భాగిస్తే సుమారు 8.5 వస్తుంది, అది ఇత్తడి సాంద్రత. ఈ మేలిమి గల బంగారానికి ఆ సంఖ్య 17కు పైనే ఉండాలి. నా దగ్గరున్న ఎనిమిదో వంతు అష్రఫీని అలాగే తూచి చూస్తే సంఖ్య 17కు దగ్గరగానే వచ్చింది కనుక తూకంలో దోషం లేదు.

అయినా మనసు ఒప్పుకోక మా కంసాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన గీటురాయి బయటికి తీయబోయి, నాణేన్ని వేలి కొసన ఒకసారి ఎగరేసి, రాయిని మళ్లీ డబ్బాలో పెట్టేశారు. "సార్, దీన్ని గీసి రాయి పాడుచేసుకోవడం ఎందుకు, పూత గీరుకుపోయి అంచున పసుపు కనబడుతూనే ఉంది కదా" అన్నారు. అప్పుడు భూతద్దంతో వాకిలిలో అక్షరం చూశాను. సంవత్సరం 1343 హిజ్రీ, అంటే 1924-25. వాకిలిలో మాత్రం మీమ్. మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే చనిపోయాడు. ఒక నాణెం అచ్చుతో చార్మినార్, మరో నాణెం అచ్చుతో సంవత్సరం పోతపోసినవాడికి ఆ చుక్కంత అక్షరం సంగతి తెలియదు. సైటులో పెట్టిన ఫోటోలో మాత్రం చక్కగా ఐన్ ఉంది. ఆ ఫోటోను బొమ్మల వెతుకులాటలో వేస్తే, కొన్నేళ్ల కిందట ఒక వేలం కేటలాగులో అచ్చయిన నాణెం బయటపడింది, అంచు మీద అదే చోట అదే గంటుతో సహా. పాడకముందు రెండు నిమిషాలు వెచ్చించి ఉంటే తెలిసే విషయం.

సైటును రెండు నక్షత్రాల దగ్గర ఆపడానికి కారణం ఇక మొదలవుతుంది. ఫిర్యాదు పెట్టిన గంటలోపు యంత్రం రాసిన రసీదు వచ్చింది. మనిషి రాసిన జవాబు పదకొండో రోజున వచ్చింది: చెల్లింపు తమ ద్వారా జరగలేదు కనుక కొనుగోలుదారుల రక్షణ వర్తించదని. ఆ మాట వరకు నేను ఒప్పుకుంటాను. నేను అడిగినవి వేరే రెండు విషయాలు. పాట పెంచిన ఖాతా, అమ్మిన ఖాతా ఒకే చోటి నుంచి నడిచాయో లేదో చూడమన్నాను. అమ్మకందారు అసలు చిరునామా ఇవ్వమన్నాను. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెల లోపు పరిష్కరించాలి. కొన్నవారు రాతపూర్వకంగా అడిగితే మార్కెట్ సైటు అమ్మకందారు వివరాలను, చిరునామాతో సహా, ఇవ్వాలి. మా సైటులో కొనుగోలే జరగలేదు కనుక మీరు కొన్నవారే కారని రెండో జవాబు వచ్చింది. పాట జరిగింది వారి దగ్గరే, ఓడినట్టు నాకు ఉత్తరం పంపింది వారే, క్యూఆర్ కోడ్ బొమ్మ దాటి వచ్చింది వారి సందేశాల పెట్టెలోంచే. కవరు మీద ఉన్న పంపినవారి చిరునామాకు నేను రాసిన ఉత్తరం అలాంటివారు ఎవరూ లేరన్న ముద్రతో తిరిగి వచ్చింది. మూడు వారాలకు అమ్మకందారు ఖాతాను మూసివేశారు. దానితోపాటు నేను రాసిన ఒక్క నక్షత్రపు హెచ్చరికా మాయమైంది, అతని పాత 312 మదింపులూ మాయమయ్యాయి. మోసగాడిని బయటికి పంపారు, బాగానే ఉంది. అతను మరో పేరుతో లోపలికి వస్తే గుర్తుపట్టడానికి పనికివచ్చే ఆనవాలు ఒక్కటీ మిగల్చలేదు.

సైబర్ మోసాలకు కేటాయించిన 1930 నంబరుకు ఫోను చేశాను. అక్కడ మర్యాదగా వివరాలు రాసుకుని ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. కాకపోతే ఆ నంబరు నిజంగా అక్కరకు వచ్చేది డబ్బు పోయిన తొలి గంటల్లో, అది ఇంకా ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ఉన్నప్పుడు; నేను ఫోను చేసేసరికి చెల్లించి ఎనిమిది రోజులు గడిచాయి, ఆ ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయింది. వస్తువు పోస్టులో వచ్చేదాకా మోసం బయటపడదు కనుక, వేలం మోసాలలో ఆ తొలి గంటలు బాధితుడికి దొరకవు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడం మాత్రం నేను భయపడినంత కష్టం కాలేదు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, నేను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. సందేశాలన్నిటినీ, క్యూఆర్ కోడ్ బొమ్మతో సహా, ఖాతా మూతపడకముందే ముద్రించి పెట్టుకోవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

ఇంత జరిగాక కూడా ఆ సైటుకు ఒక నక్షత్రం కాక రెండు ఎందుకని మా మిత్రులు అడిగారు. డబ్బును సైటు ద్వారా చెల్లించి, వస్తువు అందాక తూచి చూసుకుని, గడువు ఏడు రోజుల లోపు ఫిర్యాదు చేసేవారికి ఆ ఏర్పాటు పనిచేస్తుందని అరిగిపోయిన అణా నాణెం విషయంలో నాకే తెలుసు. మదింపుల పక్కన ఆ అమ్మకాల విలువను కూడా చూపిస్తే, సందేశాలలో బొమ్మలను ఆపేస్తే, మూసేసిన ఖాతాల మీది హెచ్చరికలను చెరిపేయకుండా ఉంచితే మూడో నక్షత్రం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ మూడూ ఉత్తరంలో రాసి పంపాను. రసీదు గంటలోపే వచ్చింది.

కమిషన్ వారికి వస్తువును వచ్చిన స్థితిలోనే చూపవలసి ఉంటుంది కనుక, ఇత్తడి బిళ్లను అదే కవరులో, అదే ప్లాస్టిక్ సంచిలో ఉంచాను. బంగారు వరుసలో పావు అష్రఫీ గడి ఖాళీగానే ఉంది.