చిన్న మొత్తానికి ఏ నెట్‌వర్క్ మేలు?

కందుకూరులో కూర్చుని విదేశీ క్లయింటుకు కోడ్ రాసే కుర్రాడికి నెలకు ముప్పై వేల రూపాయల విలువైన యూఎస్‌డీసీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో టోకెన్) వస్తుందనుకుందాం. ఏ నెట్‌వర్క్‌లో పంపమనాలి?

నేరుగా ఈథీరియమ్ బ్లాక్‌చెయిన్ మీదైతే ఒక టోకెన్ బదిలీకి సుమారు 65,000 గ్యాస్ (నెట్‌వర్క్ చేసే పనికి కొలత, ఫీజు దాన్ని బట్టే) పడుతుంది. ఒక్కో గ్యాస్ ధర 20 గ్వెయ్ (గ్వెయ్ అంటే ఈథర్‌లో వందకోట్లవ వంతు), ఈథీరియమ్ సొంత నాణెమైన ఈథర్ రెండున్నర లక్షలు అనుకుంటే 325 రూపాయలు. రద్దీ రోజున ఇంకా ఎక్కువ. క్లయింటు పంపేటప్పుడు వాళ్లే కట్టుకున్నా, మన వాలెట్ నుంచి ఎక్స్ఛేంజికి (క్రిప్టోను రూపాయలకు అమ్ముకునే చోటుకి) మార్చేటప్పుడు మనకే తగులుతుంది. కోట్లు కదిపేవాళ్లకు సరే, మనకు దండగ.

ఇక రోలప్‌లు, అంటే ఈథీరియమ్‌ను ఆనుకుని నడిచే నెట్‌వర్క్‌లు. ఆర్బిట్రమ్, బేస్ ఆప్టిమిస్టిక్ రకం, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే లెక్క సరైనదే అనుకుంటాయి. స్టార్క్‌నెట్, స్క్రోల్ జెడ్‌కే రకం, లెక్క సరైనదని గణితపరమైన ప్రూఫ్ (రుజువు) చూపిస్తాయి. రెండూ లావాదేవీలను బయట నడిపి, మూటగట్టి, ఆ డేటాను ఈథీరియమ్‌కు ఎక్కిస్తాయి. ఖర్చులో సింహభాగం ఈ ఎక్కింపుదే ఉండేది. 2024 మార్చి 13న ఈథీరియమ్‌కు చేసిన డెన్‌కన్ అప్‌గ్రేడ్‌తో బ్లాబ్‌లు వచ్చాక అది ఒక్కసారిగా పడిపోయింది. బ్లాబ్ అంటే 128 కేబీ డేటా. సుమారు 18 రోజులుంచి తీసేస్తారు, దాని ధర మామూలు గ్యాస్‌తో కలవకుండా వేరేగా తేలుతుంది. అయితే నెల్లూరు రొయ్యల లారీలాగే, సగం నిండినా బాడుగ మొత్తం కట్టాల్సిందే. అందుకే జనం ఎక్కువున్న నెట్‌వర్క్‌లో తలా పంచుకునే భాగం తగ్గుతుంది. జెడ్‌కేలో ప్రూఫ్ తయారీ ఖర్చు అదనం, అదీ పంచుకునేదే. చివరికి రెంటిలోనూ బదిలీ ఫీజు మామూలు రోజుల్లో పైసల్లోనో ఒకట్రెండు రూపాయల్లోనో ఉంటుంది కాబట్టి, ఫీజు చూసి ఎంచుకోవడంలో అర్థం లేదు.

అసలు తేడా బయటికొచ్చే దారిలో. ఆప్టిమిస్టిక్ రకంలో అధికారిక బ్రిడ్జి (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి డబ్బు దాటించే ఏర్పాటు) మీదుగా ఈథీరియమ్‌కు రావాలంటే దాదాపు 7 రోజులు ఆగాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి ఇచ్చిన గడువది. జెడ్‌కేలో ప్రూఫ్ సరిపోతే చాలు, సాధారణంగా గంటల్లో తేలుతుంది. నిర్మాణపరంగా నాకు నచ్చేది ఇదే. కానీ ఏ దారినొచ్చినా చివరి మెట్టులో ఈథీరియమ్ గ్యాస్ పడుతుంది, ఆదా చేసిందంతా అక్కడ ఆవిరి.

కాబట్టి ముప్పై వేలవాడికి నా ఓటు, తన ఎక్స్ఛేంజి నేరుగా డిపాజిట్ తీసుకునే రోలప్‌కే. అది ఆర్బిట్రమో బేసో అయితే బ్రిడ్జి గొడవే లేదు, వారం నిరీక్షణా లేదు. అడ్రస్ ఆర్బిట్రమ్‌లోనూ బేస్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది గనక, ఎక్స్ఛేంజి పేజీలో నెట్‌వర్క్ పేరు చూడకుండా పంపితే డబ్బు ఇరుక్కుంటుంది. ముందు ఒక డాలరు పంపి చూడండి. ఈథీరియమ్ మీద అలా పరీక్షించాలంటే ఇంకో 325. ఫీజుకు వాలెట్‌లో కాస్త ఈథర్ కూడా ఉండాలి.

అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ 2022 జులై నుంచీ ఉంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. గ్యాస్ అలా కాదు. లాభం మీద 30 శాతం పన్ను లెక్కేసేటప్పుడు కొన్న ధర తప్ప ఏ ఖర్చునూ మినహాయించనివ్వరు, గ్యాస్‌కు కట్టింది తిరిగి రాదు.