కోర్టు బాగుంది, తీర్పులకే మొహమాటం

స్క్వాష్ (గోడకేసి బంతి కొట్టే రాకెట్ ఆట) కోసం విశాఖ బస్సెక్కే బాధ నాకు తప్పింది. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉన్న ఈ క్లబ్బులో కోర్టు ఒక్కటే అయినా చెక్క నేల జారదు, వెలుతురుకు లోటు లేదు. గంటకు రూ.200. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ఆదివారం లీగ్‌తోనే. రెఫరీ క్లబ్బు వాళ్లే. మొన్న ఐదో గేమ్, 10-9 నాది. అవతలి కుర్రాడు కొట్టిన బంతి గోడ వదిలి కోర్టు మధ్యకు వచ్చింది. అతను నాకూ ముందు గోడకూ మధ్య నిలబడిపోయాడు. కొడితే నేరుగా వీపుకే తగులుతుంది. రాకెట్ ఆపి 'లెట్ ప్లీజ్' అన్నాను, అడ్డం వచ్చిందని రెఫరీని తీర్పు అడిగే మాట అది. ముందు గోడకు నేరుగా వెళ్లే బంతికి ఆటగాడు అడ్డుంటే అది స్ట్రోక్, అంటే పాయింట్ నాదే, మ్యాచ్ అక్కడితో అయిపోవాలి. రెఫరీ మాత్రం "లెట్, మళ్లీ ఆడండి" అన్నారు.

తర్వాత ర్యాలీలో నేను ముందు మూలకు డ్రాప్ వేశాను, అంటే గోడ దగ్గరే పడేలా మెల్లగా కొట్టాను. అతను వెనక గోడ దగ్గరే ఉన్నాడు. రెక్కలున్నా అందదు. అయినా లెట్ అడిగాడు, ఇచ్చేశారు! అందని బంతికి అడ్డమేమిటి? అది నో లెట్, అంటే మళ్లీ ఆడించకుండా పాయింట్ నాకే ఇవ్వాలి.

ఆట అయ్యాక అడిగితే, "ఏటి బాబూ, ఇద్దరూ మనోళ్లే కదా, ఒక్క పాయింట్‌కి గొడవెందుకు?" అన్నారు. పాము చావకుండా కర్ర విరగకుండా తీర్పన్నమాట.

రూల్స్ తెలియక కాదు. సర్వ్ చేసేటప్పుడు ఒక్క పాదమైనా గీత తొక్కకుండా బాక్స్ లోపల లేకపోతే చాలు, ఫుట్ ఫాల్ట్ అని ఠక్కున పట్టేస్తారు. బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాళ్లు గీత తగిలితే లోపలే అని వాదిస్తే, స్క్వాష్‌లో గీతకు తగిలినా అవుటే అని ఓపిగ్గా చెప్తారు. ఎదుటివాడి మొహం మాడే తీర్పు దగ్గరే నోరు పెగలదు.

ఇంకొకటి. ముందు గోడ అడుగున 48 సెంటీమీటర్ల ఎత్తున ఉండే రేకు, అదే టిన్, మీద ఎవరిదో నగల షాపు ఫ్లెక్సీ అంటించారు. బంతి తగిలితే ఠంగుమనాలనే కదా అక్కడ రేకు పెట్టేది! ఇప్పుడు 'టప్' అని ఊరుకుంటుంది. డౌనా (టిన్‌కు తగిలి పాయింట్ పోయినట్టా) కాదా అన్న రగడ రోజూ ఉంటుంది. పైడితల్లి పండగ అయ్యాక తీస్తామన్నారు. పండగ అయిపోయింది, ఫ్లెక్సీ అలాగే ఉంది.

ప్రాక్టీసుకైతే నిక్షేపంగా వెళ్లండి, ఐదుకి నాలుగిస్తాను. లీగ్‌కి రెండే. నల్ల అడుగున్న బూట్లతో మాత్రం వెళ్లకండి, నేలమీద మరకలు పడతాయని గుమ్మం దగ్గరే ఆపేస్తారు.