బడికి పంపని పిల్లలకు పదో తరగతి: ఎన్‌ఐఓఎస్సా, ఐజీసీఎస్‌ఈనా?

ఇంట్లోనే చదివే పిల్లలు పదో తరగతి సర్టిఫికెట్ పొందడానికి ఇక్కడ రెండు దారులు చూద్దాం: కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక పాఠశాల సంస్థ ఎన్‌ఐఓఎస్, కేంబ్రిడ్జ్ వంటి విదేశీ బోర్డులు నిర్వహించే పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్‌ఈ. ముందు చట్టం సంగతి. 6–14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యతని 2009 విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ అంటుంది. చేర్చకపోతే వాళ్లకు శిక్ష ఏమిటో మాత్రం అందులో లేదు. ఈ సందిగ్ధం ఉన్నప్పుడు చేతిలో సర్టిఫికెట్ ఉండడమే బిడ్డకు రక్ష.

చేరిక: ఎన్‌ఐఓఎస్‌కు 14 ఏళ్లు నిండాలి. టీసీ లేకపోయినా స్వీయ ధ్రువీకరణ చాలు. దరఖాస్తులో, ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో పేరు ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు.
ఐజీసీఎస్‌ఈకి ప్రైవేటు అభ్యర్థిని (తమ బడిలో చదవకుండా పరీక్ష మాత్రమే రాసేవాళ్లని) తీసుకునే బడి దొరకాలి. అసలు ఇబ్బంది అక్కడే, నెలల ముందే అడగండి. కేంబ్రిడ్జ్ సైన్సుకు ల్యాబ్ లేకుంటే ప్రయోగాలకు బదులు రాతపరీక్షగా ఉండే ‘ఆల్టర్నేటివ్ టు ప్రాక్టికల్’ పేపర్ ఎంచుకోవాలి.

ఖర్చు: ఎన్‌ఐఓఎస్ చాలా చవక. ఐజీసీఎస్‌ఈలో ఫీజు సబ్జెక్టుకింతని వేరుగా పడుతుంది.

పరీక్ష తప్పితే: ఎన్‌ఐఓఎస్‌లో పాసవడానికి 5 ఏళ్లలో మొత్తం 9 అవకాశాలు.

తెలుగు మాధ్యమం, ఇక్కడే ఇంటర్ అనుకుంటే ఎన్‌ఐఓఎస్. విదేశీ చదువు ఖాయమై, డబ్బుకు వెనకాడకపోతే ఐజీసీఎస్‌ఈ.