గని దిబ్బల మీద ఏ చెట్టు మేలు: పైన్, జామాయిల్, సరుగుడు?

గరివిడి, గర్భాం, చీపురుపల్లి వైపు మాంగనీసు తవ్వి పోసిన దిబ్బల పక్కన భూమి ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "విదేశాల్లో పాత గనుల మీద పైన్ తోటలు వేస్తున్నారట, కింద పుట్టగొడుగులూ వస్తాయట. మనమూ వేద్దామా?"

అక్కడ జరిగిన పని నిజంగా గొప్పదే. అమెరికాలో అపలాచియన్ బొగ్గు దిబ్బల మీద పుల్లమట్టికీ, ఎండకూ పైన్ మొక్కలు చచ్చిపోతుంటే, 1970ల్లో డోనాల్డ్ మార్క్స్ అనే శాస్త్రవేత్త నారులోనే వేళ్లకు పైసోలిథస్ అనే బూజు జాతిని పట్టించి నాటించారు. మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఆ బూజు వేళ్ల కొసలకు తొడుగులా పట్టుకుని, వేరు అందుకోలేని చోటి నుంచి నీళ్లూ భాస్వరమూ లాగి ఇస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. వానలకు పైకొచ్చే పుట్టగొడుగు ఆ బూజుకు కాయ లాంటిది మాత్రమే, దాని ఒళ్లంతా మట్టిలోనే ఉంటుంది.

అందుకే నేను చూసేది ఒక్కటే: చెట్టుకు కావలసిన వేరు తోడు, అంటే వేళ్లను అంటిపెట్టుకుని బతికే బూజో సూక్ష్మజీవో, మనకు దగ్గర్లో దొరుకుతుందా? పైన్ మన మైదానపు చెట్టు కాదు. ప్యూర్టో రికోలో కూడా తోడు లేని పైన్ నారు ఎదగకుండా ఉండిపోయింది. పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే తేరుకుంది. మన దగ్గర ఆ మట్టి కావాలంటే అరకు వైపు కొండల మీది పైన్ తోటల దాకా పోవాలి. పోయి తెచ్చినా, మన వేసవికి ఆ నారు తట్టుకుంటుందని నేను భరోసా ఇవ్వలేను.

జామాయిల్ వేళ్లకూ పైసోలిథస్ పడుతుంది, మొండిగా బతుకుతుంది. బావి దగ్గర మాత్రం వద్దు. జీడిమామిడి మంచి ఎర్రనేలకు సరే, రాళ్ల దిబ్బకు కాదు.

నా ఓటు సరుగుడుకే. దిబ్బమట్టిలో కుళ్లిన ఆకు ఉండదు, అంటే నత్రజని ఉండదు. సరుగుడు వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. రాలిన పుల్లాకు ఏటా పరుచుకుని కొత్త మట్టి అవుతుంది. పుట్టగొడుగుల సంబరం ఉండదు, నిజమే.

ఆ సంబరం కూడా దిబ్బ మీద ప్రమాదమే. పుట్టగొడుగులు మట్టిలోని కాడ్మియం, పాదరసం లాంటి లోహాలను పీల్చి దాచుకుంటాయి, ఉడికించినా పూర్తిగా పోవు. పిల్లలకు చెప్పండి, దిబ్బ మీద మొలిచింది ఏదైనా కోయొద్దని. మనం తినే పుట్టకొక్కులు చెదపుట్టల్లో పుట్టేవి, వాటికి పైన్ వేళ్లతో పనిలేదు.

సరుగుడు వేసేవాళ్లు భోగాపురం తీరంలోనో కళింగపట్నం దగ్గరో ఏపుగా ఉన్న తోటలో, యజమానిని అడిగి, గుప్పెడు వేరుబుడిపెలు తెచ్చుకోండి. కడిగి, నూరి, నీళ్లలో కలిపి నారు సంచుల్లో పోయండి. బుడిపెలు కనిపించాకే దిబ్బ మీదికి తీసుకెళ్లండి.