ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ వాడు ముంచాడు, వాన్ మీర్లో కాపాడాడు

కాలువ కనిపించే గది అని చూసి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎగబడి బుక్ చేయకండి. రాత్రికి 138 యూరోలన్నారు, తీరా కౌంటర్ దగ్గర టూరిస్ట్ ట్యాక్స్ 12.5 శాతం, అంటే ఇంకో 17.25 తీయమన్నారు. పన్ను నగరానిది, సరే, బుకింగ్‌లో ఆ ముక్క ముందే కనపడేలా పెట్టొచ్చుగా! లిఫ్ట్ లేదు. మెట్లు నిచ్చెనలా నిటారుగా, పట్టుకోవడానికి తాడొకటి. పెట్టెలు నేనే మోశాను. కిటికీ తెరిస్తే పక్క వంటగది పొగగొట్టం. కాలువ ఏదయ్యా అనడిగితే, "తల బయటపెట్టి ఎడమవైపు చూడండి" అన్నాడు కుర్రాడు ఏమాత్రం మొహమాటం లేకుండా. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది, సాయంత్రం దాకా నాతో మాటల్లేవు.

నేను వెళ్ళింది హన్స్ వాన్ మీర్లో అనే దివంగత డచ్ రాజకీయ నాయకుడు తిరిగిన చోట్లు చూడ్డం కోసం. ఆల్గెమేన్ హాండెల్స్‌బ్లాడ్ పత్రికలో జర్నలిస్టు, 1966 అక్టోబర్ 14న మిత్రులతో కలిసి డి66 (డెమొక్రాట్స్ 66) పార్టీ పెట్టాడు. ఆ తెల్లవారుజామునే ప్రధాని కాల్స్ ప్రభుత్వం కూలింది, ముహూర్తం అంటే అదీ. 1967 ఎన్నికల ప్రచార చిత్రంలో రెయిన్‌కోటు వేసుకుని ఈ కాలువ గట్ల మీద నడుస్తూ కనిపిస్తాడు. పార్లమెంటు దిగువ సభలో 150కి 7 సీట్లు వచ్చాయి. కొత్త పార్టీకి తక్కువేం కాదు. ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నది వాళ్ళ పెద్ద డిమాండు. అది ఈరోజుకీ జరగలేదు. అంతెందుకు, మన పల్లెల్లో సర్పంచ్‌కి మనమే ఓటేస్తాం, అక్కడ మేయర్ని ఇప్పటికీ పైనుంచే నియమిస్తారు!

పత్రికాఫీసులన్నీ ఒకప్పుడు వరసగా ఉన్న న్యూవెజైడ్స్ ఫోర్‌బుర్గ్‌వల్ వీధి నుంచి గట్ల మీద చీకటి పడేదాకా తిరిగాం. పైసా ఖర్చు లేదు. హోటల్లో దొరకని కాలువ ఇక్కడ కావలసినంత ఉంది. ఆవిడ కోపం కూడా అక్కడే కాస్త దిగింది.

మర్నాడు డచ్ పార్లమెంటు ఉండే హేగ్ నగరం. రైలు ముప్పావుగంట పైన, మనిషికి సుమారు 15 యూరోలు. పాత పార్లమెంటు భవనాలున్న బిన్నెన్‌హోఫ్ 2021 నుంచి మరమ్మతుల్లో ఉంది, ఫొటోకి కంచె తప్ప ఏమీ పడదు, దానికోసం ప్రత్యేకంగా వెళ్ళకండి. పార్లమెంటు దిగువ సభ తాత్కాలికంగా నడుస్తున్న బెజౌడెన్‌హౌట్సెవేఖ్ 67 మాత్రం చూడాలి. పాత విదేశాంగ శాఖ భవనం అది. 1994 నుంచి 98 దాకా వాన్ మీర్లో విదేశాంగ మంత్రి, ఉప ప్రధాని. 1918 తర్వాత మత పార్టీలు లేకుండా ఏర్పడిన మొదటి మంత్రివర్గం అది, ఆయన ఎన్నాళ్ళనుంచో కోరుకున్న కూటమి. ఇప్పుడు ఆయన ఆఫీసున్న చోటికే సభ వచ్చి కూర్చుంది.

భోజనం సురినామ్ హోటల్లో. సురినామ్ దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస, 1873 నుంచి బిహార్, యూపీ వైపు నుంచి అక్కడికి కూలీలుగా ఓడెక్కిన వాళ్ళ వారసులు హేగ్‌లో చాలామంది. 12 యూరోలకి మెత్తటి రొట్టె, కోడి కూర, బంగాళాదుంప, పొడుగు చిక్కుళ్ళు. ఆవిడ ఇంకో రొట్టె అడిగి మరీ తింది. పక్కన పెట్టే పసుపు రంగు మిరప పచ్చడి మాత్రం గుంటూరు నాలుకని నమ్ముకుని గుమ్మరించుకోకండి, నీళ్ళ సీసాకి ఇంకో 3 యూరోలు. ఈసారి వెళ్తే బస హేగ్‌లోనే, ఆమ్‌స్టర్‌డామ్‌కి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయడమే.